మూడుసార్లు తిరిగొచ్చిన గండికోట చిత్రం: ఈ విమర్శను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న (కడప నుంచి)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా క్రితా అనే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్‌లో డిజిటల్ చిత్రాలు వేస్తున్నాను. గండికోట దగ్గర పెన్నా లోయను పొద్దుటి వెలుగులో చూసి వేసిన చిత్రాన్ని ఒక పత్రిక ముఖచిత్రానికి, ఒక పోటీకి, ఒక ప్రదర్శనకు పంపితే మూడుచోట్లా తిరస్కరించారు. మొదటి రెండుచోట్ల కారణం చెప్పలేదు. ప్రదర్శనవాళ్లు మాత్రం రెండు వాక్యాలు రాశారు: "వెలుగునీడలు బురదబురదగా ఉన్నాయి. కన్ను ఎక్కడ నిలవాలో తెలియడం లేదు." బండల మీది పగుళ్లను ఒక్కొక్కటిగా గీయడానికే నాకు 11 రాత్రులు పట్టింది కాబట్టి, ఆ మాట చదివాక వారం రోజులు బొమ్మలు గీసే ట్యాబ్లెట్ ముట్టబుద్ధి కాలేదు. ఇప్పుడు కోపం చల్లారింది గాని, బురద అంటే ఏమిటో, దాన్ని ఎక్కడినుంచి సరిచేయాలో బోధపడడం లేదు. చిత్రం జతచేశాను, మొహమాటపడకుండా చెప్పండి.

జవాబు (అనంతపురం నుంచి)

మీ చిత్రాన్ని దించుకుని, రంగు మొత్తం తీసేసి నలుపుతెలుపుల్లో చూశాను. ఎర్రబండ, దాని వెనక ఆకాశం, కింద నీళ్లు, మూడూ దాదాపు ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. ఎరుపు, నీలం వేరువేరు రంగులే అయినా వాటి ముదురు లేతలు సమానంగా ఉంటే దూరం నుంచి చూసే కన్ను వాటిని విడదీయలేదు, మీ విమర్శకుడు బురద అన్నది దీన్నే. ఆయన తనకు కనబడిన లక్షణం చెప్పారు, కారణం వెతుక్కోవలసింది మీరే. నాకు తోచిన కారణం ఇది: నీడల కోసం మీరు ఒక మల్టిప్లై లేయర్ (కింది రంగులను ముదురు చేసే పొర) మీద నలుపు పులిమారు. పొద్దున పూట ఎండ తగలని బండకు వెలుగు ఆకాశం నుంచి వస్తుంది కాబట్టి ఆ నీడ కొంచెం నీలం వైపు మొగ్గుతుంది, ఎదుటి గోడకు ఎండ తగిలితే అక్కడినుంచి తిరిగివచ్చిన ఎరుపు దాని అడుగున సన్నగా అంటుకుంటుంది. నలుపు ఈ రెండింటినీ మింగేసింది.

వీలైతే ఒకసారి లేపాక్షి వెళ్లి వీరభద్రాలయం కప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాల కింద నిలబడి చూడండి. ఉన్న కొద్ది రంగులతోనే, ముదురు గీతతో ఆకారాలను ఒకదాన్నుంచి ఒకటి విడగొట్టారు కాబట్టి, మెడ ఎత్తి చూసేవాడికి కూడా ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుంది. (మెడ నొప్పి మాత్రం ఖాయం.) ఇంటికొచ్చాక అరచేతంత బొమ్మలు ఆరేడు, మూడే మూడు బూడిదరంగులతో, ఒక్క పగులు కూడా గీయకుండా వేయండి. అందులో లోయ లోయలా కనబడకపోతే, పగుళ్లు ఎన్ని గీసినా కనబడదు.

జవాబు (కర్నూలు నుంచి)

తమ్ముడూ, పై జవాబుతో నాకు పేచీ లేదు గాని, మూడు తిరస్కరణలనూ ఒకే గాటన కట్టవద్దు. నేను పదేళ్లుగా ఫ్లెక్సీ, ప్రింటింగ్ పనిలో ఉన్నాను. నువ్వు జతచేసిన ఫైలు 1920×1080, అడ్డంగా ఉంది. ముఖచిత్రం నిలువుగా ఉండాలి, ఎ4 సైజుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 2480×3508 పిక్సెళ్లు కావాలి. నీ ఫైలు ఆ లెక్కన ఆరున్నర అంగుళాల వెడల్పు కూడా రాదు. అసలు ఫైలు కూడా ఇంతే అయితే, పత్రికవాళ్లు నీ బండలను చూసే లోపలే పక్కన పెట్టి ఉండవచ్చు, అందులో నీ పనితనానికి సంబంధించిన విమర్శ ఏమీ లేదు. తెర మీద మెరిసే ఆ ఆకాశనీలం సీఎంవైకేలోకి, అంటే అచ్చులో వాడే నాలుగు సిరాల రంగుల్లోకి మారిస్తే చప్పబడుతుంది, కాబట్టి అచ్చుకు పంపేముందు సాఫ్ట్ ప్రూఫ్ (అచ్చులో రంగులు ఎలా వస్తాయో తెర మీదే చూపే అమరిక) పెట్టి చూసుకో. కారణం చెప్పని చోట నియమావళి మళ్లీ చదువుకో, కారణం చెప్పిన చోట చిత్రం మళ్లీ చూసుకో. మనం తరచూ దీన్ని తలకిందులు చేసి, చెప్పనివాళ్ల మాటలు ఊహించుకుని బాధపడుతూ, చెప్పినవాళ్ల మీద కోపం తెచ్చుకుంటాం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నియమాలు తెరిచి చూస్తే నిలువు చిత్రమే పంపాలని మొదటి పేజీలోనే రాసి ఉంది. చిన్నబొమ్మలు ఏడు వేశాను, నాలుగోదానిలో లోయ లోతు తెలిసింది. దాన్నే పెద్దది చేసి, నలుపు లేయర్ తీసేసి, నీడలను ముదురు ఊదాతో మళ్లీ వేస్తున్నాను. పగుళ్ల లేయర్‌ను చెరిపేయడానికి మాత్రం మనసొప్పక, కన్ను గుర్తు నొక్కి దాచి ఉంచాను. నిన్న రాత్రి అమ్మకు ఫోన్‌లో చూపించి మొదట ఏమి కనబడిందని అడిగితే "మేకలు" అంది. ఆమె కన్ను నది మలుపు దగ్గర నిలవాలని నా ఉద్దేశం. ఆ మేకలను మూలన ఖాళీగా ఉందని చివర్లో తెల్లగా చుక్కలు పెట్టినట్టు వేశాను. వాటి తెలుపు తగ్గించి, మలుపులో నీటి మెరుపు పెంచి, రేపు మళ్లీ అడుగుతాను.