1979 గండమ్: 43 ఎపిసోడ్లా, మూడు సినిమాలా?

సైడ్7_కుర్రాడు:
మొదటి "మొబైల్ సూట్ గండమ్" (జపాన్ రోబో యానిమే; మొబైల్ సూట్ అంటే మనిషి లోపల కూర్చుని నడిపే పెద్ద యుద్ధ రోబో, హీరోది గండమ్) మొదలుపెడదామనుకుంటున్నాను. టీవీ సిరీస్ 43 ఎపిసోడ్లు, దాన్నే కుదించి కట్టిన సినిమాలు మూడు. రెండూ చూసే తీరిక లేదు. దేన్ని వదిలితే ఏం పోతుంది? 52 ఎపిసోడ్లు అనుకుని మధ్యలో తెగ్గోశారంటారు కదా, ఆ దెబ్బ కథలో ఎక్కడ తెలుస్తుంది? స్పాయిలర్లకు భయం లేదు, చెప్పేయండి.

పాత_సెల్లు:
నా ఓటు టీవీ సిరీస్‌కే. ముందు లెక్క చూడండి. 1981 మార్చిలో వచ్చిన మొదటి సినిమా సుమారుగా 13వ ఎపిసోడ్ దాకా నడుస్తుంది. అదే ఏడాది జులైలో వచ్చిన రెండోది 16 నుంచి భూమి సైన్యం స్థావరం జాబురోలో జరిగే యుద్ధం దాకా, అంటే 30వ ఎపిసోడ్ చుట్టుపక్కల వరకు. 1982 మార్చిలో వచ్చిన మూడోది 31 నుంచి చివరి దాకా. ఒక్కోటి సుమారు రెండుంపావు గంటలు. అసలు కథ ఎక్కడా తెగదు. కాకపోతే 14, 15 పూర్తిగా గల్లంతు.

ఆ 14వ ఎపిసోడ్ కోసమైనా టీవీది చూడాలి. ఆ వారం శత్రువు దెబ్బ రోబోతో కాదు. కొందరు మామూలు జియాన్ (శత్రు దేశం) సైనికులు, ఎగిరే బైకుల మీద వచ్చి గండమ్ ఒంటికి టైమ్ బాంబులు అతికించి పోతారు. అవి పేలేలోగా గండమ్ నడిపే అమురో ఒక్కొక్కటే పీకి పారెయ్యాలి. ఎపిసోడంతా అంతే. చివర్లో ఆ సైనికులే ఊరివాళ్ల వేషంలో వచ్చి, ఆ ఘనకార్యం చేసిన కుర్రాడి మొహం ఎలా ఉంటుందో చూసి మరీ పోతారు. బొమ్మలు అమ్ముకోవడానికి తీసిన కార్యక్రమంలో ఒక వారమంతా అమ్ముడుపోయే కొత్త వస్తువు ఒక్కటీ లేకుండా నడిపించారు. దర్శకుడు తోమినో గుండెధైర్యం అది!

మినోవ్‌స్కీ_బాధితుడు:
మొదటి ఎపిసోడ్‌ని మాత్రం తొందరపడకుండా చూడండి, మిగతా 42కీ నియమాలు అందులోనే ఉన్నాయి. పదిహేనేళ్ల అమురో మాన్యువల్ పట్టుకుని గండమ్ ఎక్కుతాడు. మొదటి జాకుని (శత్రువుల రోబో) నడుం దగ్గర నరుకుతాడు. అది పేలి, వాళ్లుంటున్న అంతరిక్ష కాలనీ గోడకి చిల్లు పడుతుంది. గాలితో పాటు, గండమ్‌ని రూపొందించిన టెమ్ రే, అంటే అమురో కన్నతండ్రి, బయటి శూన్యంలోకి కొట్టుకుపోతాడు. రెండో జాకు మీదికొచ్చేసరికి లెక్క మారిపోయింది: ఇంకో పేలుడు రాకూడదు, కాబట్టి పైలట్ కూర్చున్న చోటే కత్తి దించాలి. ఆ రోజుల్లో హీరో రోబో నరికితే ఎదుటిది పేలిపోవడం మామూలు ముగింపు. ఇక్కడ ఆ పేలుడు వల్ల ఎవరికి నష్టమో ముందే చూపించి, తర్వాత దెబ్బ ఎక్కడ వెయ్యాలో తేల్చుకోమన్నారు.

ఇంత రాకెట్ల యుగంలో రోబోలు కత్తులతో కొట్టుకోవడమేంటని అడుగుతారు కనుక: మినోవ్‌స్కీ కణాలు. అవి చల్లితే రాడార్ పనిచెయ్యదు, గైడెడ్ మిసైల్ దారి తప్పుతుంది. ఇక కంటితో చూసి కొట్టుకోవడమే. దీన్ని తెచ్చింది స్క్రిప్టు రచయితల్లో ఒకరైన కెనిచి మత్సుజాకి. ఆయన స్టూడియో నుయె అనే సైన్స్ ఫిక్షన్ డిజైన్ బృందం మనిషి. మొబైల్ సూట్ అన్న ఊహకి మూలం అమెరికన్ సైన్స్ ఫిక్షన్‌లో సైనికులు తొడుక్కునే పవర్డ్ సూట్, అదీ స్టూడియో నుయె వైపు నుంచి వచ్చిందే. యంత్రాల డిజైనర్ ఓకవారా మొదట గీసిన సైనికుడి తరహా నమూనా పక్కకి జరిగి గన్‌కానన్ అనే తోడు రోబో అయింది. హీరో స్థానంలోకి సమురాయ్ పోలికలున్న గండమ్ వచ్చింది.

బొమ్మల_కొట్టు:
హీరో స్థానం మారడం వెనక డబ్బు సంగతి చెప్పలేదు మీరు. స్పాన్సర్ క్లోవర్ అనే బొమ్మల కంపెనీ. గండమ్ తీసిన స్టూడియో సన్‌రైజ్ అంతకుముందు ఇదే క్లోవర్‌తో, ఇదే నగోయా టీవీలో జాంబాట్ 3, డైటార్న్ 3 అనే రోబో సిరీస్‌లు తీసింది. రెండిటికీ దర్శకుడు తోమినోనే. శనివారం సాయంత్రం అయిదున్నర, చూస్తారనుకున్నది చిన్నపిల్లలు. అందుకే గండమ్ ఛాతీ నీలం, పొట్ట ఎరుపు, అక్కడక్కడ పసుపు. యుద్ధ యంత్రానికి ఆ రంగులేంటని విసుక్కోకండి, తెలుపు అంత మిగలడమే బేరమాడితే దక్కింది.

విడదీసి కలిపే బొమ్మ కావాలన్నారు, కోర్ ఫైటర్ వచ్చింది. చిన్న విమానం ముడుచుకుని నడుం భాగం అవుతుంది, పైన ఛాతీ, కింద కాళ్లు తగులుకుంటాయి. దీన్ని కథలో బాగానే ఇమిడ్చారు: పైలటూ, యుద్ధంలో కూడబెట్టిన డేటా ఉన్న కంప్యూటరూ క్షేమంగా తప్పించుకోవడానికి. కానీ 23వ ఎపిసోడ్‌లో దిగిన జి-ఆర్మర్ దగ్గర అతుకు దాగలేదు. గండమ్‌ని మధ్యలో పెట్టి ముందొక ముక్క, వెనకొక ముక్క తగిలించే పెద్ద విమానం, పెట్టెలో పెట్టి అమ్మడానికే పుట్టింది. సినిమాల్లో స్పాన్సర్ ఒత్తిడి లేదు కాబట్టి రెండో దాంట్లోనే దాన్ని తీసేసి కోర్ బూస్టర్ అనే విమానం పెట్టేశారు. టీవీలో బిగ్ జామ్ అనే భారీ శత్రు యంత్రాన్ని ఢీకొని స్లెగ్గర్ అనే పైలట్ చనిపోయేది జి-ఫైటర్‌లో (గండమ్ లేని జి-ఆర్మర్), సినిమాలో కోర్ బూస్టర్‌లో.

ఇంకో గుర్తు. 12వ ఎపిసోడ్‌లో గూఫ్ వచ్చేదాకా శత్రువు మొబైల్ సూట్ అంటే జాకు ఒక్కటే, సైన్యం యూనిఫామ్ లాగా. 26 నుంచి 30 దాకా చూడండి: గాగ్, జ్గాక్, గ్రాబ్రో, జాక్ (ఇది జాకు కాదు), అక్కై వరసపెట్టి దిగుతాయి. వారానికో కొత్త శత్రువు కావాలన్న పాత రోబో కార్టూన్ లెక్క అక్కడ మళ్లీ ఎక్కింది.

రెండోచిల్లు:
జాకు సంగతి ఒకటి. శత్రువు బొమ్మలు అమ్మే ఆలోచన స్పాన్సర్‌కి మొదట్లో లేదు, కాబట్టి దాని గీత మీద ఎవరి పెత్తనమూ లేదు. ఒంటికన్ను ఉండాలన్నది ఒక్కటే తోమినో షరతు, మిగతాదంతా ఓకవారా ఇష్టం. అందరి కాళ్లకీ అడ్డం పడ్డ గండమ్ కంటే ఎవరూ పట్టించుకోని జాకే మంచి డిజైన్ అని నా లెక్క. కొట్లాటకి సిద్ధం.

తొమ్మిది_తక్కువ:
కోత గురించి అడిగారు కదా. 1979 ఏప్రిల్ 7న మొదలైంది, 1980 జనవరి 26న అయిపోయింది. బొమ్మలు అమ్ముడుపోలేదు, రేటింగులు పడుకున్నాయి, 52ని 43 చేశారు. అదే టైముకి ట్రైడర్ జి7 అనే కొత్త రోబో సిరీస్ వచ్చేసింది.

కుట్లు 37 తర్వాత కనిపిస్తాయి. జియాన్ వాళ్ల సోలోమన్ కోట 36లో పడింది. 37లో మకూబే అనే జియాన్ అధికారి, గ్యాన్ అనే ఖడ్గవీరుడి లాంటి మెషీన్‌లో దిగి ఆ ఎపిసోడ్‌లోనే పోతాడు. 39లో షారియా బుల్ అనే న్యూటైప్ (అతీంద్రియ శక్తి ఉన్న మనిషి) వస్తాడు. జియాన్‌ని ఏలే అన్నాచెల్లెళ్లు గిరెన్‌కీ కిసీలియాకీ మధ్య నలుగుతున్న, కథ చాలా ఉన్న మనిషి. వచ్చిన ఎపిసోడ్‌లోనే అయిపోయాడు. మూడో సినిమాలో మనిషే లేడు. (2025లో వచ్చిన జీక్వాక్స్ అనే గండమ్ సిరీస్‌లో అతను ప్రధాన పాత్రల్లో ఒకడు. అది చూసి ఇటు వచ్చేవాళ్లు 39 చూసి తెల్లమొహం వేస్తారు.) శత్రు పక్షపు న్యూటైప్ అమ్మాయి లాలా అమురోని కలిసేది 34లో, చనిపోయేది 41లో. ఈ ఎనిమిదిలోనే సిరీస్ గుండెకాయ లాంటి సంబంధం పుట్టి, పెరిగి, తెగిపోవాలి.

అయినా తొందర ఒక్కోచోట మేలే చేసింది. చివర్లో అమురో ప్రత్యర్థి షార్ ఎక్కే జియోంగ్ 80 శాతమే పూర్తయిన మెషీన్, కాళ్లు లేవు. కాళ్లు అలంకారానికే, పైవాళ్లకి ఆ సంగతి తెలియదంటాడు మెకానిక్కు. జియాన్ ఓడిపోతోందని చెప్పడానికి ఇంకో సన్నివేశం అక్కర్లేకపోయింది.

సైడ్7_కుర్రాడు:
గీసిన బొమ్మలు బాగా ఎగుడుదిగుడు అంటారు. ఎక్కడెక్కడ ఓర్చుకోవాలి?

పాత_సెల్లు:
రెండు చోట్ల. ఒకటి 15వ ఎపిసోడ్, కుకురుజ్ దోవాన్ దీవి. సైన్యం వదిలి పారిపోయిన జియాన్ పైలట్, వాడు సాకుతున్న అనాథ పిల్లలు, కథ బంగారం. బొమ్మలే బొత్తిగా కొలత తప్పాయి. జాకు తల చూడండి, మూతి సాగిపోయి, దవడ సన్నబడి, ఒంటి మీద కండ కరిగినట్టుంటుంది. అమెరికా విడుదలలో దీన్ని తోమినో కోరిక మీద పక్కన పెట్టారు. అదే కథని 2022లో యసుహికో స్వయంగా సినిమాగా తీశాడు.

రెండోది 30 దాటాక. యోషికాజు యసుహికో క్యారెక్టర్ డిజైనరే కాదు, యానిమేషన్ డైరెక్టర్ కూడా. కీ డ్రాయింగులు చాలామంది గీస్తారు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో అమురో వస్తాడు. అవన్నీ ఒకే మొహంలోకి దిద్దడం ఆయన పని. ఆయన జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. దిద్దే చెయ్యి లేకపోయేసరికి చివరి ఎపిసోడ్లలో అదే మనిషి ఒక కట్‌లో (షాట్‌లో) గుండ్రంగా, మరో కట్‌లో కోలగా కనిపిస్తాడు. మొహం చూసి ఎవరో పోల్చుకోలేకపోతే యూనిఫామ్ కాలర్ చూసుకోవడమే.

బ్యాంక్ కట్‌లకి మాత్రం నవ్వకండి. గండమ్ భాగాలు గాల్లో కలుసుకునే కట్‌ని ఒకసారి బాగా గీసి దాచుకుంటారు, వారం వారం అదే వాడతారు. సెకనుకి 24 ఫ్రేములు, ఒక బొమ్మని మూడు ఫ్రేములు నిలబెడితే 8 బొమ్మలు. దాచుకున్న పది సెకన్ల కట్ వాడితే ఆ వారం 80 బొమ్మలు గీసే పని తప్పినట్టే, ఆ చేతులు యుద్ధం మీదికి మళ్లుతాయి. చివరి పోరాటాల్లో కొన్ని కట్‌లు ఇచిరో ఇతానో చేతివి. తర్వాత మిసైళ్లు మెలికలు తిప్పి పేరు తెచ్చుకున్న మనిషి ఆయనే.

మినోవ్‌స్కీ_బాధితుడు:
ఈ కారణానికే మూడో సినిమా పక్షాన ఒక్క మాట. కోలుకున్నాక యసుహికో అందులో చాలా భాగం కొత్తగా గీశాడు. సోలోమన్ నుంచి చివరి యుద్ధం జరిగే అబావాకూ కోట దాకా టీవీలో చూసి, వెంటనే మూడో సినిమా వేస్తే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మొదటి రెండూ మాత్రం ఎక్కువ భాగం టీవీ ఫుటేజీయే.

రెండోచిల్లు:
షార్ ఎర్ర జాకు మామూలు దానికన్నా మూడు రెట్లు వేగం అని అందరూ అంటారు. రెండో ఎపిసోడ్‌లో అమురో వాళ్ల ఓడ వైట్ బేస్ మీద ఆపరేటర్ చెప్పేది అది దగ్గరికొస్తున్న వేగం గురించి. తర్వాత వచ్చిన రిఫరెన్సు పుస్తకాల్లో ఆ జాకు థ్రస్ట్ 30 శాతమే ఎక్కువ. మిగతాదంతా నడిపేవాడి గొప్పతనం.

బొమ్మల_కొట్టు:
ఎరుపు మాట వచ్చింది కాబట్టి కిట్ల సంగతీ చెప్పేస్తాను. క్లోవర్ బొమ్మలు ఆడుకునే పిల్లలవి. సీరియల్ చూస్తున్నది హైస్కూలు, కాలేజీ వాళ్లు, వాళ్లకి నమూనా కావాలి. సిరీస్ అయిపోయిన ఆరు నెలలకి, 1980 జులైలో బాందాయ్ 1/144 గండమ్ ప్లాస్టిక్ కిట్ దింపింది. 300 యెన్. 18 మీటర్లని 144తో భాగిస్తే పన్నెండున్నర సెంటీమీటర్లు, అరచేతిలో పడుతుంది. పునఃప్రసారాలూ కిట్లూ కలిసి సిరీస్‌ని లేపాయి, సినిమాలు దాని ఫలితమే. క్లోవర్ మాత్రం 1983లో, డన్‌బైన్ అనే సిరీస్ నడుస్తుండగానే దివాలా తీసింది.

ఆ పాత కిట్ ఇప్పటికీ దొరుకుతుంది. ఎవరైనా కొంటే: అంతా ఒకే తెల్ల ప్లాస్టిక్, రంగులు మీరే వెయ్యాలి, ముక్కలు గ్లూతో అతకాలి. తొడ ముందుకీ వెనక్కే కదులుతుంది, పక్కకి రాదు, కాబట్టి పోజుల మీద ఆశ పెట్టుకోకండి. అతికాక ఒక రోజంతా ఆరనివ్వాలి. తడి మీదే గీకితే గ్లూ కుంగి అతుకు గీత మళ్లీ తేలుతుంది. 400 నంబరు గరుకు కాగితంతో మొదలెట్టి 600, 800కి వెళ్లండి. మ్యాట్ స్ప్రే వేసేటప్పుడు గాలిలో తేమ చూసుకోండి. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో వేస్తే తేమ చిక్కుకుని పైపూత పాలిపోయినట్టు తెల్లబడుతుంది. రంగంతా బూడిద పూసినట్టు అవుతుంది. ఎండకాసిన పొడి మధ్యాహ్నం, అడుగు దూరం నుంచి, పలచగా రెండు మూడు పూతలు.

సైడ్7_కుర్రాడు:
అయితే 1 నుంచి 36 టీవీలో, అక్కణ్నుంచి మూడో సినిమా. సరిపోతుందా?

తొమ్మిది_తక్కువ:
36 దగ్గర వదలకండి. 38లో టెక్సాస్ కాలనీలో షార్, అమురో పక్షంలో ఉన్న సైలా ఎదురుపడి మాట్లాడుకుంటారు, అన్నాచెల్లెళ్ల లెక్క తేలేది అక్కడే. టీవీ 43 దాకా లాగించి, ఓపిక ఉంటే మూడో సినిమా వేసుకోండి. మూడో సినిమాలోకి మధ్యలో దూకితే ఇంకో చిక్కు: గన్‌టాంక్ అనే టాంకు తరహా రోబో నడిపే, అమురో జట్టులోని హయాతో అక్కడ రెండో గన్‌కానన్‌లో ఉంటాడు, టాంక్ ఏమైందా అని వెతుక్కుంటారు. ఇక 15 చూస్తారా మానేస్తారా మీ ఇష్టం, చూస్తే మాత్రం చివర్లో అమురో ఆ జాకుని సముద్రంలోకి విసిరేసే కట్ దాకా ఉండండి.