ఉచితంగా ఇస్తున్నా హెచ్‌ఐవీ మందులు ఎందుకు మానేస్తున్నారు? తప్పు రోగిది కాదా?

కృష్ణాతీరం:
2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర. బీపీకి వేసుకున్నట్టే. అయినా మా బంధువు ఒకాయన రెండుసార్లు మానేశాడు. ఒళ్లు కాస్త తేరుకోగానే ‘నాకేం లేదు’ అంటాడు. మధ్యలో ఆపితే వైరస్ మందుకు లొంగకుండా పోతుందని ఆయనకూ తెలుసు. దీన్ని నిర్లక్ష్యం అనక ఏమనాలి? తిట్టండి, కానీ జవాబు చెప్పి తిట్టండి.

పాత_కౌన్సెలర్:
తిట్టను లెండి. ఆరేళ్లు ఏఆర్‌టీ సెంటర్లో పనిచేసినదాన్ని, నేనూ మొదట్లో ఇలాగే అనుకున్నా. బీపీ మాత్ర టీవీ పక్కన పెట్టుకుంటాం. ఇది పెట్టగలరా?

ఒకమ్మాయి ఉండేది, ఉమ్మడి కుటుంబంలో కోడలు. మందు ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది, ముప్పై మాత్రలు. నడుస్తుంటే సంచిలో గలగలమంటుంది. సెంటర్ బయటికి రాగానే లేబుల్ గోటితో గీకేసి, డబ్బాలో దూది కుక్కేది. ఇంట్లో దాని చోటు కందిపప్పు డబ్బా అడుగున. ఆడపడుచు పెళ్లికి ఇంటినిండా చుట్టాలు. నాలుగు రోజులు వంటింట్లో ఆమె ఒంటరిగా ఉన్న నిమిషం లేదు. తర్వాత వచ్చినప్పుడు లెక్కపెడితే నాలుగు మాత్రలు ఎక్కువ మిగిలాయి. కార్డులో నేను ‘మర్చిపోయింది’ అని రాశాను. అబద్ధం. ఆ నాలుగు రోజులూ ఆమెకు అదే ధ్యాస.

మేస్త్రీ_కొడుకు:
కూలి సంగతి ఎవరూ ఎత్తరేం? మందు ఉచితమే గానీ, దారి ఖర్చో? దగ్గర్లో సెంటరున్నా ఎవరైనా చూస్తారని పక్క జిల్లాకు పోయేవాళ్లున్నారు. పొద్దున పోతే సాయంత్రమే రాక, ఆ రోజు కూలి పోయినట్టే. వలస పోతే ఇక కార్డు ఒక చోట, మనిషి ఒక చోట.

చదువరి72:
పేదలు సరిగా వేసుకోరన్న మాట పాతదే. ఆఫ్రికాలో చాలామందికి గడియారాలే తెలియవు, వేళకు మందెలా వేసుకుంటారని 2001లో అమెరికా విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ అధిపతి ఆండ్రూ నాట్సియోస్ అన్నాడు. 2006లో ‘జామా’ వైద్య పత్రికలో లెక్క తేలింది: సరిగా వేసుకునేవాళ్లు ఉత్తర అమెరికాలో 55 శాతం, సహారా దిగువ ఆఫ్రికాలో 77 శాతం.

కృష్ణాతీరం:
అంకెలు బాగున్నాయి. కానీ మందు కొత్తగా దొరికినప్పుడు ప్రాణం మీది ఆశతో వేసుకోవడం వేరు, పదిహేనేళ్లు రోజూ మింగడం వేరు. మనిషికి విసుగొస్తుంది. దానికీ బస్సుదే తప్పంటే ఎలా?

మేస్త్రీ_కొడుకు:
2022 గుర్తుందా అన్నా? మందుల కొరతని ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ న్యాకో ఆఫీసు ముందు వారాల తరబడి కూర్చున్నది రోగులే. నిర్లక్ష్యం ఉన్నోళ్లు ధర్నా చేస్తారా?

పాత_కౌన్సెలర్:
విసుగు నిజమే, ఒప్పుకుంటా. పాత మందులతో ఇంకా ఘోరం. స్టావుడిన్‌తో బుగ్గలు లోపలికి పోయేవి, ఊళ్లో చూడగానే పోల్చేసేవారు. ఎఫావిరెంజ్ వేసుకున్న రాత్రి పిచ్చి కలలు, పొద్దున తల తిరుగుడు. పరంజా ఎక్కే పనివాడు దాన్ని మానక ఏం చేస్తాడు? డోలుటెగ్రవిర్ వచ్చాక ఆ బాధ తగ్గింది. దాచుకోవడం మాత్రం అలాగే ఉంది. మీ బంధువు మాత్రలు ఎక్కడ పెట్టుకుంటారండీ?

కృష్ణాతీరం:
తెలియదండీ. ఎప్పుడూ అడగలేదు.

పాత_కౌన్సెలర్:
ఇప్పుడూ అడక్కండి. నిలకడగా వాడేవాళ్లకు మూడు నెలల మందు ఒకేసారి ఇస్తారని మాత్రం చెప్పండి. రెండుసార్లు మానేశారు కాబట్టి వెంటనే ఇవ్వకపోవచ్చు, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో, చూస్తారు. ముందు సెంటర్‌కి వెళ్లమనండి. తోడు వస్తానని అనకండి, ఆయనే పిలిస్తే తప్ప.