పండగకి చాక్లెట్ ఫడ్జ్: పాకం పట్టాలా, కండెన్స్‌డ్ మిల్క్ సరిపోతుందా?

ఉండపాకం

పండగ సెలవులు దగ్గరికొచ్చేసరికి ఎక్కడ చూసినా "మూడే వస్తువులు, పది నిమిషాల్లో ఫడ్జ్" అనే వీడియోలే. ఫడ్జ్ అంటే ముక్కలుగా కోసుకునే మెత్తటి మిఠాయి. ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్, చాక్లెట్ ముక్కలు, కాస్త వెన్న వేసి కరిగించి ఫ్రిజ్‌లో పెట్టేయడమే. సూటిగా చెప్తున్నా, నలుగురికీ పంచాలనుకుంటే ఆ దారి వద్దు, పాకం పట్టి చేయండి.

నేను చేసేది ఇలా. 400 గ్రాముల చక్కెర, ఒక కప్పు చిక్కటి పాలు, 60 గ్రాముల తీపి లేని చాక్లెట్, చిటికెడు ఉప్పు కలిపి చక్కెర పూర్తిగా కరిగేదాకా సన్నటి సెగ మీద తిప్పాలి. ఆ తర్వాత 113 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ వచ్చేదాకా మరగనివ్వాలి. థర్మామీటర్ లేకపోతే చల్లటి నీళ్లలో ఒక చుక్క వేసి చూడండి, వేళ్ల మధ్య మెత్తటి ఉండ కట్టాలి. దించాక వెన్న పైన వేసి వదిలేయాలి, కలపకూడదు. గిన్నె అడుగు చేత్తో ముట్టుకుంటే గోరువెచ్చగా అనిపించేదాకా, అంటే 45 డిగ్రీల దగ్గరికి వచ్చేదాకా గరిట అందులో పెట్టనే కూడదు. అప్పుడు చెక్క గరిటతో ఆపకుండా తిప్పాలి, మెరుపు తగ్గి చిక్కబడగానే ట్రేలోకి వంచేయాలి.

ఈ ఓపిక అంతా ఎందుకంటే, వేడి మీద కలిపితే కొద్దిపాటి చక్కెర స్ఫటికాలే పుడతాయి, అవే పెరిగి పెద్దవై నాలుక మీద ఇసుకలా తగులుతాయి. చల్లారాక కలిపితే ఒక్కసారిగా లెక్కలేనన్ని సన్నటి స్ఫటికాలు పుడతాయి, నాలుకకి ఏదీ విడిగా తెలియదు. ముక్క కొరికితే ఠక్కున తెగుతుంది, నోట్లో పెట్టుకున్న వెంటనే కరుగుతుంది. కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసింది సాగుతుంది, పళ్లకి అంటుకుంటుంది. తీపి కూడా మరీ ఎక్కువ.

వెన్నపూస

అండీ, స్ఫటికాల గురించి మీరు చెప్పింది నిజమే కానీ ఆ చివరి వాక్యం దగ్గర ఆగాల్సిందే. తీపి ఎక్కువా? ఒక్కసారి లెక్క వేద్దాం. మీ కొలతల్లో నీరు ఇగిరిపోయాక దాదాపు 600 గ్రాముల ముద్ద వస్తుంది, అందులో 400 గ్రాములు చక్కెరే, అంటే మూడింట రెండు వంతులు. చాక్లెట్ పదో వంతు. 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాలో వేసిన చక్కెర సుమారు 180 గ్రాములు ఉంటుంది. దానికి 60 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ 350 గ్రాములు కలిపితే, అందులోంచి ఇంకో 140 వస్తుంది. వెన్నతో కలిపి మొత్తం 780 గ్రాములకి చక్కెర 320, అంటే నూటికి 41. చాక్లెట్ మాత్రం నూటికి 45 పాళ్లు! చాక్లెట్ రుచి దిట్టంగా ఉండాలనుకునేవాళ్లకి ఏది నయమో మీరే చెప్పండి.

తీపి ఎక్కువైందని జనం అనేది మిల్క్ చాక్లెట్ వాడినప్పుడు. కండెన్స్‌డ్ మిల్క్‌కి మిల్క్ చాక్లెట్ తోడైతే ఎవరికైనా వెగటు పుడుతుంది, తప్పు పద్ధతిది కాదు. 60 నుంచి 70 శాతం కోకో ఉన్నది వాడి, ఉప్పు కాస్త ధైర్యంగా వేసి, ఒక చెంచా ఇన్‌స్టంట్ కాఫీ పొడి కలిపి చూడండి. సాగడం గురించి కూడా అంతే, చాక్లెట్ తక్కువ వేస్తేనే సాగుతుంది. దీన్ని గట్టిపరిచేది కోకో బటర్, అంటే చాక్లెట్‌లో ఉండే కొవ్వు, అది సరిపడా ఉంటే ముక్క నీట్‌గా తెగుతుంది.

ఇంకో మాట. పిల్లలతో కలిసి చేసేవాళ్లు ఎంతోమంది ఉంటారు. 115 డిగ్రీల పాకం మీద పడితే మామూలు కాలిన గాయం కాదు, చర్మానికి అతుక్కుపోతుంది. సన్నటి సెగ మీద చాక్లెట్ కరిగించడంలో ఆ టెన్షన్ లేదు.

కొలత తప్పొద్దు

ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. ఎత్తైన చోట ఉండేవాళ్లకి 115 డిగ్రీలు అనే అంకె పనిచేయదు. ప్రతి 300 మీటర్ల ఎత్తుకి నీళ్లు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది, పాకం లెక్క కూడా అంతే తగ్గించుకోవాలి. ముందు మీ థర్మామీటర్‌ని మరిగే నీళ్లలో పెట్టి ఎంత చూపిస్తుందో చూడండి, దానికి 14 కలపండి, అదే మీ అంకె. థర్మామీటర్ కాస్త తేడాగా చూపించేదైనా ఇలా చేస్తే ఆ తేడా సర్దుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజున ఇంకో డిగ్రీ దాకా మరిగిస్తే మంచిది.

పాతవంట

పాకం పద్ధతి కష్టమంటున్నారు కానీ ఇది మొదట ప్రచారమైంది కాలేజీ హాస్టల్ అమ్మాయిల చేతుల్లోనే. అమెరికాలోని వాసర్ కాలేజీలో చదివిన ఎమిలిన్ హార్ట్‌రిడ్జ్ అనే ఆవిడ రాసిన ఉత్తరం ఒకటుంది. 1886లో బాల్టిమోర్‌లో తన స్నేహితురాలి బంధువు ఫడ్జ్ చేశారట, ఆ కొలతలు తీసుకుని 1888లో కాలేజీ వేలానికి ఈవిడ 30 పౌండ్లు చేశారు, అంటే 13 కిలోలు పైనే. థర్మామీటర్లేమీ ఇప్పటిలా చేతికందే కాలం కాదది. ఆ కొలతల్లో పాలకి బదులు క్రీమ్ ఉంటుంది. వెన్నపూస గారు అడిగిన ఘాటైన రుచి రావాలంటే నేనైతే అక్కడ మొదలుపెడతాను.

ఉండపాకం

వెన్నపూస గారూ, లెక్క చూశాను, అంకెల మీద వాదన లేదు. కానీ ఘనమైన రుచి అంటే చాక్లెట్ పాళ్లు ఒక్కటే కాదు కదా. ఎక్కువ చాక్లెట్ కావాలంటే చాక్లెట్ బారే తినొచ్చు. పాలు, చక్కెర కలిసి అంతసేపు మరిగితే వచ్చే ఆ ఉడికిన పాల కమ్మదనం, దానితో పాటు ఆ సన్నటి నలుగుడు, ఇవి రెండూ కరిగించి పోసేదాంట్లో ఎలా వస్తాయి? పాతవంట గారు చెప్పినట్టు క్రీమ్ వేస్తే అందులోని కొవ్వు చక్కెర స్ఫటికాలని పెరగనివ్వదు కాబట్టి పని ఇంకా సులువవుతుంది. భయపడేవాళ్లు ఒక చెంచా గ్లూకోజ్ సిరప్ కూడా వేసుకోండి, అదీ స్ఫటికాలని అడ్డుకుంటుంది. మోతాదు మించితే మాత్రం ముద్ద గట్టిపడక జిగటగా మిగిలిపోతుంది.

పంచడానికి అంటే నిలవ కూడా చూడాలి. పాకం ఫడ్జ్ గాలి తగలని డబ్బాలో, వరసకి వరసకి మధ్య బటర్ పేపర్ వేసి పెడితే బయటే వారం పైన బాగుంటుంది, రెండో రోజుకి ఇంకా మెత్తబడి రుచి కుదురుతుంది. ఫ్రిజ్‌లో పెడితేనే ఎండిపోతుంది. మీది వెచ్చటి గదిలో మెత్తబడిపోతుంది, పార్సిల్ చేస్తే ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి.

వెన్నపూస

నిలవ సంగతి నిజమే, దూరం పంపేవాళ్లు పాకమే పట్టుకోండి. ఇంటికొచ్చినవాళ్లకి ప్లేట్‌లో పెట్టేవాళ్లకి ఆ ఇబ్బంది లేదు. "ఉడికిన పాల కమ్మదనం" మాటకొస్తే, కండెన్స్‌డ్ మిల్క్ అంటే నీరు ఇగిర్చిన పాలు, చక్కెరే కదండీ, ఆ కమ్మదనం డబ్బాలోనే ఉంది.

కొత్తగా చేసేవాళ్లకి రెండు జాగ్రత్తలు. ఎవాపొరేటెడ్ మిల్క్ అని రాసి ఉన్న డబ్బా తెచ్చుకోకండి, అందులో చక్కెర ఉండదు, గట్టిపడదు. రెండోది, సెగ పెంచకండి. చాక్లెట్ వేడెక్కిపోతే నూనె పైకి తేలి ముద్ద విరిగినట్టవుతుంది. అలా అయితే దించేసి, ఒక్కో చెంచా వేడి పాలు పోస్తూ గట్టిగా తిప్పితే చాలావరకు కలిసిపోతుంది.

తొలిసారి

ఇదంతా చదివాక పాకమే పట్టాలనుంది. గరుకుగా గట్టిపడిపోతే మాత్రం పారేయడమేనా? అంత చాక్లెట్ వృథా అంటే ప్రాణం ఒప్పదు.

ఉండపాకం

పారేయక్కర్లేదు! ముక్కలన్నీ గిన్నెలో వేసి ఒక కప్పు పైన నీళ్లు పోసి, ఒక్క పలుకు కూడా మిగలకుండా కరిగించండి. గిన్నె గోడలకి అంటిన చక్కెరని తడి బ్రష్‌తో తుడవండి, లేదా మరగడం మొదలవగానే రెండు నిమిషాలు మూత పెట్టండి, ఆవిరే కడిగేస్తుంది. ఆ అంటుకున్న పలుకు ఒక్కటి మళ్లీ లోపల పడినా చాలు, దాని చుట్టూ స్ఫటికాలు పెరిగి మొత్తం గరుకైపోతుంది. తర్వాత మళ్లీ అదే వేడి దాకా మరిగించడం, చల్లార్చడం, తిప్పడం. వెన్న ముందే కలిసి ఉంది కాబట్టి అడుగంటకుండా సెగ తక్కువలో ఉంచండి.

వెన్నపూస

తొలిసారి గారూ, పండగ రోజునే మొదటిసారి చేయకండి, వారం ముందు సగం కొలతతో ఒకసారి పట్టి చూడండి. అలాగే ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్ కూడా తెచ్చి ఇంట్లో ఉంచుకోండి.