ఆగస్టులో బాబు స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో చేరుతున్నాడు, దమ్ము సరిపోవడం లేదు, ఏం చేయాలి?

ఫ్రిస్కోకి కొత్తగా వచ్చిన అమ్మ:

అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో ఖమ్మం నుంచి డాలస్ దగ్గరి ఫ్రిస్కోకి వచ్చాం. బాబుకి 14 నిండాయి, ఆగస్టులో తొమ్మిదో తరగతి. అక్కడ గల్లీ క్రికెట్ తప్ప ఇంకేదీ ఆడలేదు. ఇక్కడికొచ్చాక స్నేహితులను చూసి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతానని పట్టుబట్టాడు, స్కూల్లో అడిగితే కోచ్ కూడా రమ్మన్నారు. మొన్న పక్క వీధి పిల్లలతో అరగంట ఆడి వచ్చి సోఫాలో పడిపోయాడు, కాసేపు మాట కూడా రాలేదు. రేపటి నుంచి రోజూ 3 మైళ్లు పరిగెత్తిస్తానని వాళ్ల నాన్న అంటున్నారు. నాకైతే ఎండ గురించే టెన్షన్. ఇప్పుడు ఏప్రిల్, ఈ నాలుగు నెలల్లో దమ్ము వస్తుందా? మీ పిల్లలు ఆడి ఉంటే చెప్పండి.

ప్లానో నుంచి, ఇద్దరు కొడుకుల నాన్న:

వస్తుంది చెల్లెమ్మా, నాలుగు నెలలు తక్కువేం కాదు. కానీ ఆ 3 మైళ్ల పరుగు మాత్రం ఈరోజే మాన్పించండి. మా పెద్దవాడు చేరిన ఏడాది నేను చేసిన పని సరిగ్గా అదే. వాడిని రోజూ పొద్దున్న సిమెంటు రోడ్డు మీద పరిగెత్తించాను, నెల తిరిగేసరికి రెండు పిక్కల ముందు ఎముక మీద వేలు పెడితే చాలు ఏడ్చేవాడు. మూడు వారాలు పూర్తిగా కూర్చోబెట్టాల్సి వచ్చింది. పోనీ దమ్మైనా వచ్చిందా అంటే, నింపాదిగా గంటసేపు పరిగెత్తే దమ్ము వచ్చింది గానీ ఈ ఆటకు కావాల్సిన దమ్ము రాలేదు. రెండూ వేరని నాకు అప్పుడు తెలియదు.

మీ వారికి కబడ్డీ తెలిసే ఉంటుంది కదా, అలా చెప్పండి. కూతకు వెళ్లినవాడు అర నిమిషంలో ఉన్న బలమంతా పెట్టేసి గీత దాటి వస్తాడు, వచ్చి ఊపిరి తీసుకుని మళ్లీ లేస్తాడు. ఫుట్‌బాల్ కూడా అంతే. 12 నిమిషాల క్వార్టర్లు నాలుగు, మొత్తం 48 నిమిషాల ఆట అంటారు గానీ, ఒక్కో ప్లే, అంటే బంతి కదిలి మళ్లీ ఆగేదాకా జరిగే ఆట, నాలుగైదు సెకన్లలో అయిపోతుంది, ఆ తర్వాత అర నిమిషం పైచిలుకు గ్యాప్, మళ్లీ ఇంకో నాలుగైదు సెకన్లు. ఆ గ్యాప్‌లో ఎంత త్వరగా గుండె దడ తగ్గి, ఆయాసం తీరి, మళ్లీ మొదటి ప్లేలాగే దూకగలుగుతాడో అదే వాడి దమ్ము. కాబట్టి నేర్పాల్సింది ఆయాసం నుంచి తేరుకోవడం.

మా చిన్నవాడికి ఏం చేయించానో చెప్తాను, వాడికి పిక్క నొప్పి రాలేదు. వారానికి మూడు రోజులే పరుగు, పచ్చిక మీదే. మొదటి మూడు వారాలు 60 గజాలు పరిగెత్తడం, నడుచుకుంటూ వెనక్కి రావడం, మొదటి వారం 8 సార్లు. వేగం ఎంతంటే, మాట్లాడుతూ పరిగెత్తలేనంత, కానీ పళ్లు బిగించనంత. గజం అంటే మన మూడడుగుల గజమే, ఇక్కడి యార్డ్ కూడా అంతే, టేపు లేకపోతే పెద్దవాళ్ల పెద్ద అంగ ఒకటి లెక్కేసుకోండి. రెండో వారం 10 సార్లు, మూడో వారం 12. ఒకే వారంలో లెక్కా పెంచి వేగమూ పెంచొద్దు, ఏదో ఒకటే పెంచాలి. మిగతా రోజుల్లో దండీలు, గుంజీలు, కాస్త సైకిల్, ఒక రోజు పూర్తి విశ్రాంతి.

మే నుంచి గ్యాసర్ల సంగతి మొదలుపెట్టండి. ఈ మాట కోచ్ నోట రోజూ వింటాడు. గ్రౌండ్ అడ్డంగా 53 గజాల చిల్లర ఉంటుంది, ఈ గీత నుంచి ఆ గీతకు వెళ్లి తిరిగి వస్తే హాఫ్ గ్యాసర్, అదే రెండుసార్లు ఆపకుండా చేస్తే గ్యాసర్. ఇంట్లో హాఫ్ చాలు. మొదటి వారం 4, మధ్యలో నిమిషం నుంచి నిమిషంన్నర నిలబడి ఊపిరి తీసుకోవాలి. జూన్ చివరికి 8 వరకు వెళ్లొచ్చు. టైమ్ రాసి పెట్టండి, కానీ మొదటి పరుగు టైమ్ చూసి మురిసిపోకండి. నాకు ముఖ్యం ఆఖరిది. మొదటిది 19 సెకన్లు, ఆఖరిది 27 అయితే ఇంకా పని ఉందన్నమాట. మొదటిది 20, ఆఖరిది 22 అయిన రోజు మా వాడికి ఇంట్లో పులిహోర చేయించాను.

జూలైలో అసలు ఆటలాగా చేయించండి. 10 నుంచి 20 గజాలు పూర్తి వేగంతో, తర్వాత అర నిమిషం నడక, అలా 8 సార్లు చేస్తే ఒక సెట్. మూడు నిమిషాలు ఆగి మళ్లీ ఇంకో సెట్. రెండు సెట్లతో మొదలుపెట్టి నాలుగు దాకా. నడుం వంచి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటే కోచ్‌లు నిటారుగా నిలబడమని అరుస్తారు, వాడిని అవమానిస్తున్నారని మీరు అనుకోవద్దు, అయితే వంగి నిలబడితేనే ఊపిరి త్వరగా అందుతుందనిపిస్తే ఇంట్లో వంగనివ్వండి, తప్పేం లేదు.

ఇంకో మాట, చాలామంది మనవాళ్లు వదిలేసేది. జూన్, జూలైలలో స్కూల్లోనే పొద్దున్న పూట స్ట్రెంత్ అండ్ కండిషనింగ్ క్యాంప్ పెడతారు. సెలవులని ఇండియా టికెట్లు బుక్ చేసేస్తాం. ఈ ఒక్క ఏడాది ఆగండి. ఎనిమిది వారాలు ఇండియాలో ఉండి జెట్‌లాగ్‌తో దిగి మర్నాడు గ్రౌండ్‌కు పంపిన కుటుంబాలను చూశాను, ఆ పిల్లలు పడ్డ అవస్థ చూడలేం. మీరు క్యాంప్‌కు పంపితే నేను పైన చెప్పిన పరుగులు వారానికి ఒక్క రోజుకు తగ్గించండి, రెండూ కలిపితే ఎక్కువైపోతుంది.

ఎండ విషయం. ఖమ్మం మే ఎండలు చూసినవాళ్లం, మనకు ఎండ కొత్తా అనుకుంటాం. డాలస్ ఆగస్టు కూడా దాదాపు అంతే, 100 ఫారెన్‌హీట్ దాటుతుంది. కానీ ఎండకు అలవాటు పడిన ఒళ్లు ఏసీలో కొన్ని వారాలు కూర్చుంటే ఆ అలవాటు పోతుంది, మళ్లీ రావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. పైగా తల మీద హెల్మెట్, భుజాల మీద ప్యాడ్స్, కింద సింథటిక్ గడ్డి, ఆ గడ్డి నేల కంటే ఎక్కువ కాగుతుంది. ఆ గడ్డిలో పోసే నల్ల రబ్బరు పలుకులు ఇప్పటికీ మా కారు మ్యాట్లలో ఉన్నాయి. అందుకే ఇక్కడ మొదటి ఒకట్రెండు రోజులు హెల్మెట్ మాత్రమే, తర్వాత షోల్డర్ ప్యాడ్స్, ఆ తర్వాతే పూర్తి గేర్ వేయిస్తారు. జూలైలో సాయంత్రం 6 గంటల ఎండలో 15 నిమిషాలతో మొదలుపెట్టి రోజుకు కాస్త పెంచుకుంటూ పోండి. మధ్యాహ్నం 2 గంటలకు మాత్రం వద్దు.

ఆలెన్ నుంచి, నర్సుగా పనిచేస్తున్నాను:

అన్నయ్యగారు చెప్పినవన్నీ బాగున్నాయి, నేను ఆరోగ్యం సంగతి చెప్తాను. ముందు ఫిజికల్, అంటే ఆటలో చేరేముందు డాక్టరు చేసే ఆరోగ్య పరీక్ష. డాక్టరు సంతకం పెట్టిన ఫారం లేకుండా గ్రౌండ్‌లో అడుగు పెట్టనివ్వరు. ఆ ఫారంలో ఇంట్లో, బంధువుల్లో ఎవరైనా 50 ఏళ్లలోపు గుండె జబ్బుతో గానీ హఠాత్తుగా గానీ పోయారా అని అడుగుతారు. మనవాళ్లు చాలామంది 'లేదు' అని టిక్కు పెట్టేస్తారు. బాబాయి 42 ఏళ్లకు నిద్రలో పోయినా 'గ్యాస్ నొప్పి అన్నారు' అని వదిలేస్తారు. దయచేసి ఖమ్మానికి ఫోన్ చేసి రెండు వైపులా కనుక్కుని నిజం రాయండి. పరిగెత్తుతున్నప్పుడు ఎప్పుడైనా కళ్లు తిరిగి పడ్డాడా, ఛాతీలో నొప్పి అన్నాడా, అదీ చెప్పండి. టెక్సస్‌లో కావాలంటే ఈసీజీ తీయించుకునే వీలుందని స్కూలే తల్లిదండ్రులకు చెప్పాలి, ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు. ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ బ్యాగులో ఉండాలి. ఏజెన్సీ ప్రాంతాల కుటుంబాలకు ఇంకొకటి: ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) ఉందని తెలిస్తే బాబుకు రక్త పరీక్ష చేయించి, ఆటగాళ్ల ఆరోగ్యం చూసుకునే స్కూల్ ట్రైనర్‌కు చెప్పండి. జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రం మోసేవాళ్లు ఆటలు మానక్కర్లేదు గానీ, మధ్యలో ఆపకుండా పరిగెత్తించే పరీక్షలు వాళ్లకు ప్రమాదం.

వడదెబ్బ గురించి మనకున్న ఒక నమ్మకం ఇక్కడ పనికిరాదు. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకుంటాం. ఆడుతూ ఆడుతూ వచ్చే వడదెబ్బలో చెమట కారుతూనే ఉండొచ్చు. పిల్లవాడు తూలుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్తున్నా, ఊరికే కోపం తెచ్చుకుంటున్నా, వెంటనే ఐస్ నీళ్ల టబ్‌లో మెడ దాకా కూర్చోబెట్టాలి, 911కి ఫోన్ చేయాలి. ముందు చల్లబరచడం, తర్వాతే ఆసుపత్రికి తీసుకెళ్లడం. 2001 ఆగస్టు 1న మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ ప్రాక్టీస్‌లో తగిలిన వడదెబ్బతో చనిపోయారు, ఆయన పేరుతో కనెక్టికట్ యూనివర్సిటీలో ఒక సంస్థ 2010 నుంచి ఈ విషయం మీదే పనిచేస్తోంది. ప్రొఫెషనల్ ఆటగాడికే అలా అయితే కొత్తగా వచ్చిన పిల్లవాడి సంగతి ఏమిటి? పేరెంట్స్ మీటింగ్‌లో ఆ టబ్ ఎక్కడ పెడతారని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

నీళ్లు తాగించండి, కానీ బలవంతంగా గ్యాలన్లు పోయొద్దు, ఉట్టి నీళ్లు మరీ ఎక్కువైతే ఒంట్లో ఉప్పు పలచబడి ప్రాణం మీదికొస్తుంది. ప్రాక్టీస్‌కు ముందు, తర్వాత బరువు చూడండి. ఒక పౌండు తగ్గితే రెండు మూడు కప్పులు, నెమ్మదిగా. మన ఉప్పు మజ్జిగ దీనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఎనర్జీ డ్రింకులు ఇంట్లోకే రానివ్వొద్దు. కండరాలు విపరీతంగా నొప్పి పుట్టి మూత్రం కోలా రంగులో వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ప్రాక్టీస్‌కు రెండు మూడు గంటల ముందు ఇడ్లీనో ఉప్మానో, అరగంట ముందు అరటిపండు. పొద్దున్నే ఏమీ తినకుండా పంపితే దమ్ము ఎంత ఉన్నా పడిపోతాడు. వచ్చాక పప్పన్నం, గుడ్డు, పెరుగన్నంలో ఆవకాయ బద్ద, ఉప్పు కూడా అందుతుంది. రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర. ఫోన్ హాల్లో పెట్టించండి, దీని మీద మా ఇంట్లో పెద్ద గొడవే అయింది, అయినా నేను తగ్గలేదు.

ఫ్రిస్కో అమ్మ:

అన్నయ్యగారూ, అక్కా, చాలా థ్యాంక్స్. మీ మెసేజ్‌లు మావారికి చదివి వినిపించాను, కబడ్డీ మాట చెప్పగానే ఒప్పుకున్నారు, ఆయన కాలేజీలో ఆడారు. మా మామగారి తమ్ముడు 45 ఏళ్లకే పోయారు, ఇన్నాళ్లూ దాని గురించి ఎవరం ఆలోచించలేదు. ఈ వారమే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, ఈసీజీ కూడా అడుగుతాం. డిసెంబరు పెళ్లికి వెళ్దాంలే అని జూన్ టికెట్లు వాయిదా వేశాం. ఒక్క సందేహం. తొమ్మిదో తరగతి వాళ్లను నిజంగా ఆడనిస్తారా, లేక సీజనంతా బెంచీ మీదేనా? వాడు అదే అడుగుతున్నాడు.

ప్లానో నుంచి, ఇద్దరు కొడుకుల నాన్న:

బాబాయిగారి సంగతి ఫారంలో తప్పకుండా రాయండి చెల్లెమ్మా. ఆట గురించైతే, శుక్రవారం రాత్రి పెద్ద స్టేడియంలో ఆడేది వర్సిటీ, అంటే స్కూల్ ప్రధాన టీమ్. తొమ్మిదో తరగతికి వేరే ఫ్రెష్‌మన్ టీమ్ ఉంటుంది, మామూలుగా గురువారం సాయంత్రం ఆడతారు, పెద్ద స్కూళ్లలో ఎ, బి అని రెండు టీమ్‌లు కూడా పెడతారు. మా చిన్నవాడికి మొదటి నాలుగు గేమ్‌లలో కిక్‌ఆఫ్‌కు, అంటే బంతిని తన్ని ఆట మొదలుపెట్టే ప్లేకు మాత్రమే పిలుపొచ్చేది. ఐదో గేమ్ మూడో క్వార్టర్‌లో అవతలి పిల్లలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే మా వాడు ఇంకా దూకుతున్నాడు, అప్పటి నుంచి కోచ్ వాడిని బయటికి తీయలేదు. మీ వాడికి ఈ విషయం చెప్పండి.

ఈ శనివారం పొద్దున 7 గంటలకు మా చిన్నవాడు మా ఇంటి దగ్గరి పార్కులో 60 గజాల పరుగులు చేస్తాడు. తీసుకురండి, ఇద్దరూ కలిసి చేస్తారు. అడ్రస్ విడిగా మెసేజ్ చేస్తాను. క్లీట్స్ (అడుగున మొనలుండే ఆట బూట్లు) కొత్తవైతే ఇప్పుడే వేయించకండి, మామూలు పరుగు బూట్లు చాలు. రెండు సీసాల నీళ్లు, ఒక అరటిపండు తెచ్చుకోమనండి.