పాత ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్‌ని షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లే ముందు ఏం చూడాలి?

నమస్కారమండీ. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. 1970ల నాటి ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్ ఎయిర్ రైఫిల్ ఈమధ్యే చేతికొచ్చింది. ఆదివారం రేంజ్‌కి తీసుకెళ్లాలని ఉంది.

స్ప్రింగ్ పిస్టన్‌ది, పక్క లివర్ లాగి కాక్ చేయాలి, అంటే స్ప్రింగ్ బిగించాలి. పేల్చగానే యాక్షన్ మొత్తం పట్టాల మీద వెనక్కి జారి కుదుపును మింగేస్తుంది. ఆ పనితనానికే ముచ్చటపడి కొన్నాను. కానీ వీటి లోపలి బఫర్ సీల్ (పిస్టన్ దెబ్బను ఆపే మెత్తటి రింగు) ఏళ్లు గడిస్తే పొడిపొడి అయిపోతుందట. విప్పకుండా తెలుసుకునే దారి ఉందా? పెల్లెట్ (చిన్న సీసపు గుండు) లేకుండా పేలిస్తే పాడవుతుందని ఇంట్లో ట్రిగ్గర్ జోలికే పోలేదు. 10 మీటర్లకు 7 గ్రెయిన్ల బరువున్న పెల్లెట్ మేలా, 8.2దా?

ఇక్కడ దీని సీల్స్ మార్చగల మెకానిక్ ఎవరైనా తెలిస్తే చెప్పండి. గొట్టం 4.5 మి.మీ., పెల్లెట్ శక్తి 20 జౌళ్ల లోపే, లైసెన్స్ అక్కర్లేదు. అయినా దారిలో పోలీసులు ఆపితే మీరు ఏ కాగితం చూపిస్తున్నారు? మా ఆవిడకి అదే టెన్షన్.