అవ్వ రాత్రిళ్లు లాంతరు పట్టుకుని మా తలలు లెక్కపెట్టేది: బిడ్డల్ని వేరుచేసిన గాయం మూడో తరానికి ఎలా చేరుతుంది?

ప్రశ్న: కావలి నుంచి ఒక ఉపాధ్యాయురాలు

సభ్యులందరికీ నమస్కారం. మాది ఎరుకల కుటుంబం. మా నాన్నగారి తల్లిని, అంటే మా అవ్వను, ఆరేళ్ల వయసులో తల్లిదండ్రుల దగ్గరనుంచి తీసుకెళ్లి ఈ జిల్లాలోనే ఒక సెటిల్మెంటు ("నేరస్థ జాతులు" అని ముద్రవేసినవారిని కాపలాలో ఉంచిన కాలనీ) హాస్టల్లో పెట్టారు. ఆ రోజుల గురించి ఆమె ఎన్నడూ నోరు విప్పలేదు. కానీ మమ్మల్ని అందరినీ ఒకే వరుసలో, తలలు గోడవైపు వచ్చేటట్టు పడుకోబెట్టి, రాత్రి రెండుసార్లు లేచి లాంతరు వెలుగులో తలలు లెక్కపెట్టుకునేది. వీధి మొదట్లో ఖాకీ చొక్కా కనిపిస్తే, వచ్చేది పోస్టుమ్యానే అయినా సరే, పిల్లల్ని లోపలికి నెట్టి గడియ వేసేది. ఆమె ఒడిలో కూర్చున్న జ్ఞాపకం మా నాన్నకు గాని, మాకు గాని లేదు. మా నాన్న కూడా మమ్మల్ని ఏనాడూ దగ్గరకు తీసుకోలేదు, మా బడి గడప తొక్కలేదు.

పోయిన నెలలో మా బాబు జారిపడి చెయ్యి విరిగితే ఆసుపత్రికి తీసుకెళ్లాను. "దెబ్బ ఎలా తగిలిందమ్మా?" అని నర్సు మామూలుగా అడిగిన ప్రశ్నకు నా నోరు ఎండిపోయింది, బాబును గట్టిగా పట్టుకుని లేచి నిలబడ్డాను. నన్ను ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్లలేదు, నేను ఎం.ఎస్సీ., బి.ఎడ్. చదివాను, మరి ఈ భయం నాకెక్కడిది? ఆస్ట్రేలియాలో ఆబోరిజినల్ (అక్కడి ఆదివాసీ) పిల్లల్ని ఇలాగే వేరుచేశారనీ, దాని ఫలితాలను తరాల వారీగా పరిశీలించారనీ విన్నాను. తెలిసినవారు వివరించగలరా?

జవాబు: ఒంగోలు నుంచి, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు

అమ్మా, మీ అవ్వగారిని వేరుచేయడానికి ఒక అధికారి దౌర్జన్యం అవసరం కాలేదు, చట్టమే చాలింది. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన బ్రిటిష్ కాలపు నేరస్థ జాతుల చట్టానికి 1897లో చేసిన సవరణ, నాలుగేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు మగపిల్లల్ని తల్లిదండ్రుల నుంచి తీసి వేరే ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. 1924 నాటి చట్టంలోని 17వ సెక్షను ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లలందరినీ అదే అధికారం కిందికి తెచ్చింది. కావలి ఎరుకల సెటిల్మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్, బాపట్ల పక్కన స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపాయి. పెద్దలు ఎటూ మారరు, పిల్లల్ని వాళ్లనుంచి తప్పిస్తే జాతి బాగుపడుతుందన్నది ఆనాటి వాదన. చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది.

ఆస్ట్రేలియాలో ఈ చట్టాలు రాష్ట్రానికొక తీరుగా ఉండేవి. న్యూ సౌత్ వేల్స్‌లో 1915 సవరణ తర్వాత, బిడ్డను తల్లిదండ్రులు సరిగా చూడటం లేదని కోర్టులో రుజువు చేయవలసిన పని కూడా ఆబోరిజినల్ ప్రజల వ్యవహారాలు చూసే ప్రభుత్వ బోర్డుకు లేకపోయింది. 1937లో కాన్‌బెర్రాలో సమావేశమైన అధికారులు, మిశ్రమ సంతతివారి భవిష్యత్తు మిగతా ప్రజల్లో లీనమైపోవడంలోనే ఉందని తీర్మానించారు. ఇక్కడ మనవాళ్ల మీద కులం పేరుతోనే ముద్రవేసి కాపలా పెట్టారు. అక్కడ ఆ జాతి గుర్తే మిగలకూడదనుకున్నారు. ఈ తేడాను విస్మరించి రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. అయినా ఆరేళ్ల పిల్ల అనుభవించింది రెండుచోట్లా దాదాపు ఒకటే కాబట్టి మీ పోలికలో తప్పులేదు. 1910 నుంచి 1970 వరకు అక్కడి పిల్లల్లో పదిమందికి ఒకరి నుంచి ముగ్గురికి ఒకరి దాకా ఇలా బలవంతంగా వేరుచేశారని 1997లో మానవ హక్కుల కమిషన్ నివేదిక అంచనా వేసింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. మనవాళ్లకు అటువంటి మాట ఇప్పటికీ దక్కలేదన్నది నా బాధ.

మద్రాసు ప్రభుత్వపు పాత రికార్డులు చెన్నైలో ఎగ్మూరు దగ్గరున్న తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఒకసారి వెళ్లి చూడండి.

జవాబు: అడిలైడ్ నుంచి, స్వస్థలం నెల్లూరు

అక్కా, నేను ఇక్కడ పదకొండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మీ ప్రశ్నకు సూటిగా సమాధానమిచ్చే ఒక కేసు ఇక్కడి సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్ర సుప్రీంకోర్టులోనే నడిచింది. ఈ రాష్ట్రంలోనే కూరాంగ్ ప్రాంతానికి చెందిన బ్రూస్ ట్రెవరో అప్పటికి పదమూడు నెలల ఆబోరిజినల్ పసివాడు. 1957 క్రిస్మస్ రోజున కడుపునొప్పితో ఉన్న అతన్ని ఆసుపత్రిలో చేర్చారు. జబ్బు నయమైంది గాని, ఇంటివాళ్లతో ఒక్క మాటైనా చెప్పకుండా అతన్ని ఒక తెల్లవారి కుటుంబానికి పెంపకానికి ఇచ్చేశారు. బిడ్డ ఎలా ఉన్నాడు, ఎప్పుడు పంపుతారు అని కొన్ని నెలల తర్వాత తల్లి ఉత్తరం రాస్తే, కోలుకుంటున్నాడు గాని ఇంకా వైద్యం అవసరమని జవాబు వచ్చింది. అప్పటికి అతను ఆసుపత్రిలోనే లేడు. మళ్లీ తల్లి దగ్గరకు చేరేసరికి అతనికి పదేళ్లు. ఆ తర్వాత బతుకంతా మానసిక కుంగుబాటు, తాగుడు. 2007లో న్యాయమూర్తి అతని జీవితాన్ని, అదే పేదరికంలో తల్లిదండ్రుల దగ్గర పెరిగిన అన్నదమ్ముల జీవితాలతో పోల్చిచూసి, ఈ నష్టం వేరుచేయడం వల్లనే జరిగిందని తీర్పునిచ్చారు. 5,25,000 డాలర్ల పరిహారం వచ్చింది. మరుసటి ఏడాదే అతను చనిపోయాడు.

ఇక మీ భయం సంగతి. వేరుచేసిన ఆబోరిజినల్ మగపిల్లల్ని ఉంచిన న్యూ సౌత్ వేల్స్‌లోని కించెలా బాలుర గృహంలో పిల్లల్ని పేరుతో గాక నెంబరుతో పిలిచేవారు. ఏడిస్తే ఎవరూ ఎత్తుకోని చోట పెరిగిన పిల్ల రేపు తల్లి అయితే, తన బిడ్డ ఏడ్చినప్పుడు ఏం చేయాలో ఆమెకు చూపించినవారెవరు? ప్రేమ లేక కాదు, చేతులకు ఆ అలవాటు లేక దూరంగా నిలబడిపోతుంది. అలా నిలబడటాన్నే సంక్షేమశాఖవాళ్లు నిర్లక్ష్యం అని ఫైలులో రాసుకుంటారు, ఆ ఫైలు పట్టుకుని మనవడిని కూడా తీసుకెళతారు. ఈ దేశపు పిల్లల్లో ఆబోరిజినల్ పిల్లలు దాదాపు ఆరు శాతమే అయినా, ఇంటికి దూరంగా ప్రభుత్వ సంరక్షణలో పెరిగే ప్రతి వందమందిలో నలభైమందికి పైగా వాళ్లే. పోలీసు కస్టడీలో, జైళ్లలో జరిగిన 99 ఆబోరిజినల్ మరణాలను విచారించి 1991లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్, వారిలో 43 మంది చిన్నతనంలో కుటుంబం నుంచి వేరుపడినవారేనని తేల్చింది. మా ఆసుపత్రికి వచ్చే ముసలమ్మలు నేను పెన్ను తీయగానే మాట ఆపేస్తారు. అందుకే నేను ముందు పెన్ను జేబులో పెట్టుకుని, ఊరూ బంధువులూ అడిగి, ఆ తర్వాతే జబ్బు గురించి అడుగుతాను.

ఒక్క మనవి. ఈ గాయం జన్యువుల ద్వారా దిగుతుందన్న చర్చ ఇంకా తేలలేదు, దాన్ని పట్టుకోకండి. నేరం రక్తంలోనే ఉందని ఒకసారి మనవాళ్లను కట్టేశారు. గాయం రక్తంలోనే ఉందని మనమే ఇంకోసారి కట్టేయవద్దు. మీకు వచ్చింది అవ్వ గడియ వేసిన తీరు చూసి, నాన్న మౌనం చూసి నేర్చుకున్నదే.

జవాబు: గూడూరు నుంచి, యానాది కాలనీల్లో పనిచేసే కార్యకర్త

అక్కయ్యా, ఒక చిన్న మాట. ఇదంతా చదివి ఎవరైనా ఇప్పటి సంక్షేమ హాస్టళ్లనూ అదే కోవలో వేస్తారేమోనని నా భయం. తల్లిదండ్రులు ఇటుక బట్టీలకు వలసపోతే పిల్లలకు హాస్టలే దిక్కు, అది వాళ్లు కోరుకున్నదే. అయితే పండక్కి ఇంటికి పంపడం, వారానికొకసారి అమ్మతో ఫోన్లో మాట్లాడనివ్వడం వార్డెన్ దయ మీద ఆధారపడి ఉండకూడదు. తల్లిదండ్రులు లేని పిల్లలను సంస్థకు అప్పగించేముందు మేనమామ, పెద్దమ్మ, తాత ఎవరున్నారో వెతకాలని మేము అధికారులను అడుగుతూ ఉంటాం. ఆస్ట్రేలియాలో ఇప్పుడు బంధువులకే మొదటి స్థానమన్న సూత్రం పుస్తకంలో ఉంది, అమలు కోసం అక్కడి అవ్వలే 2014లో వీధికెక్కవలసి వచ్చింది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. అవ్వ ఆ హాస్టల్లోనే చదవడం నేర్చుకుంది, వీధిలో అందరికీ ఉత్తరాలు చదివిపెట్టేది, అది ఆమెకు గర్వంగా కూడా ఉండేది. ఆ సంగతి ముందే రాయకపోవడం నా పొరపాటు.

నిన్న రాత్రి మీ జవాబులన్నీ నాన్నకు చదివి వినిపించాను. తల్లి ఉత్తరం రాసిన చోట ఆపమన్నారు. చాలాసేపు ఊరుకుని, "మా అమ్మకు హాస్టల్లో పెట్టిన పేరే మీకు తెలుసు, వాళ్లమ్మ పిలిచే పేరు వేరే ఉంది" అన్నారు. నలభై రెండేళ్లలో నేను మొదటిసారి విన్నాను ఆ పేరు. ఇక్కడ రాయను, అది మా ఇంటిది. వేసవి సెలవుల్లో ఆయన్ను తీసుకుని ఎగ్మూరు వెళతాను. రిజిస్టరు దొరికితే అందులో ఏ పేరుందో చూడాలి. అడిలైడ్ చెల్లమ్మా, పెన్ను జేబులో పెట్టుకుని అడుగుతానన్నారే, అది మా ఆసుపత్రి నర్సుకు ఎలా చెప్పమంటారు?