బోరు లేని రైతు ఏం వేయాలి? వేరుశనగ వదిలి పండ్లతోటలకు పోవడం అనంతపురానికి మంచిదేనా?

పెన్నగట్టు (చర్చ మొదలుపెట్టినవారు):

మాది కదిరి వైపు పల్లె. మొన్న గ్రామసభలో "ఇంక చెనిక్కాయ (వేరుశనగ) వేసి లాభం లేదు, అందరూ పండ్లతోటలకు మారండి" అని పెద్దవాళ్లే చెప్పారు. తలలూపినవాళ్లంతా బోరు ఉన్నవాళ్లు. బోరు లేనివాళ్లు వెనక నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చినా వాళ్ల ముఖాలే గుర్తుకొస్తున్నాయి, అందుకే ఇక్కడ అడుగుతున్నా. పాత అనంతపురం జిల్లా, అంటే ఇప్పటి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలు రెండూ కలిపి, వేరుశనగ వదిలేసి తోటలకు పోవడం మంచిదేనా?

నా అభిప్రాయం ముందే చెప్తా. మంచిది కాదు. ఏడాదికి సగటున మన దగ్గర పడేది దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. పడమటి కనుమలు దాటి వచ్చేసరికి నైరుతి మబ్బుల్లో నీళ్లుండవు. ఈశాన్య వానలు కోస్తాలోనే కురిసి, మన దాకా వచ్చేసరికి తుంపర్లు మిగులుతాయి. అలాంటి చోట ఏడాది పొడవునా తడి కావాల్సిన చెట్టును పెంచాలంటే నీళ్లు భూమిలోంచే తీయాలి. మా పక్క చేనులో తోట పెట్టి నాలుగేళ్లు తిరక్కుండానే మా తాత తవ్వించిన బావి ఎండిపోయింది. ఇప్పుడు అందులో కంపచెట్లు మొలిచాయి.

చీనీతోట:

అన్నా, మీ బావి సంగతి చదివితే బాధేసింది. కానీ చెనిక్కాయ మనల్ని ఏం చేసిందో కూడా రాయాలి కదా.

మాది నార్పల వైపు. మా నాన్న ముప్పై ఏళ్లు చెనిక్కాయ వేశాడు. పెట్టుబడి తిరిగొచ్చిన ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జూలైలో పదును చూసి విత్తుతాం. చేను పచ్చగా లేస్తుంది, చూస్తే కడుపు నిండుతుంది. సరిగ్గా పూత రాలాక కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే సమయానికి ఆగస్టులో ఇరవై రోజులు చినుకుండదు. ఊడ గట్టినేలలోకి దిగలేక గాలిలోనే మాడిపోతుంది. చెట్టు పీకితే ఒకటో రెండో కాయలు, అవీ లొట్టలు. 2000లో కాండం కుళ్లు వైరస్ వచ్చినప్పుడు జిల్లా మొత్తం చేలు నిలువునా ఎండిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు మా అమ్మ కమ్మలు తాకట్టుకు పోయాయి, మళ్లీ రాలేదు.

తర్వాత నాలుగెకరాల్లో చీనీ (బత్తాయి) పెట్టాం. డ్రిప్పు వేశాం. ఐదో ఏట కాపు మొదలైంది. మా చెల్లెలి చదువు ఆ చెట్ల మీదే అయింది. ఒకప్పుడు కరువు జిల్లా అంటే అనంతపురం పేరే చెప్పేవాళ్లు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అరటితో శీతల కంటైనర్ల రైలు పోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు కదిలింది. మన చీనీ, అరటి, బొప్పాయి, కర్బూజా ఢిల్లీ దాకా పోయాయంటే చిన్న సంగతా? మళ్లీ చెనిక్కాయకు పొమ్మంటే ఎట్లా పోతాం?

మెట్టచేను:

ఇద్దరికీ నమస్కారం. చెనిక్కాయ మనకు తాతల నాటి పంట అన్నట్టు మాట్లాడుతున్నారు. మా అవ్వ చిన్నప్పుడు మా చేలల్లో కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, ఉలవ, అలసంద ఉండేవి. సాళ్ల మధ్య కంది, ఆముదం. ఒకటి పోతే ఇంకొకటి చేతికొచ్చేది. నూనెగింజలకు ధర పెరిగి, సబ్సిడీ విత్తనం చేతికొచ్చాక అందరం ఒకే పంట మీద పడ్డాం. ఒక దశలో ఈ ఒక్క జిల్లాలోనే ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా వేరుశనగ ఉండేది. ఇప్పుడు అందులో సగం కూడా లేదు. చీనీతోట అన్న చెప్పిన వైరస్ అంతగా పాకడానికి కారణం కూడా అదే. బీళ్లలో, గట్ల మీద వయ్యారిభామ కలుపు, దాని పుప్పొడిలో వైరస్, దాన్ని మోసుకొచ్చే తామర పురుగులు, ఎటు చూసినా ఒకే పంట. ఆగే చోటేది?

కాబట్టి చెనిక్కాయ ఒక్కటే వేయడం తప్పు. కానీ దాన్ని పూర్తిగా తీసేయమనేవాళ్లు కట్టె, అంటే పశువులకు మేతయ్యే ఎండు చెనిక్కాయ చెట్టు, సంగతి మర్చిపోతున్నారు. కాయ రాకపోయినా కట్టె వస్తుంది. రెండు ఎనుములు, పది గొర్రెలు ఉన్న ఇంటికి ఎండాకాలం గడిచేది ఆ వామితోనే. చీనీ చెట్టు పశువుకు ఏం పెడుతుంది? తోటలు పెరిగిన ఊళ్లలో పశువులు సంతకు పోయాయి. పశువు పోతే ఎరువు పోతుంది, ఎరువు పోతే ఎర్రనేల ఇసుకలా అయిపోతుంది. మా ఊళ్లో నేను కళ్లారా చూస్తున్నది ఇదే.

చీనీతోట:

కట్టె మాట ఒప్పుకుంటా. మాకు కూడా గడ్డి కొనాల్సి వస్తోంది. కానీ అడవిపందులు, జింకలు చేను తొక్కేస్తుంటే రాత్రంతా కాపలా పడుకునేది ఎవరు? కాయ వలిచే కూలీలు ఏరీ? మా ఊళ్లో నలభై దాటినవాళ్లే పొలంలో కనిపిస్తున్నారు.

హిందూపురం వైపు:

ఆ నలభై లోపు వాళ్లలో నేనొకణ్ణి. బెంగళూరులో ఉంటాను. మాది మడకశిర దగ్గర. మా ఊరి బస్సులో ఆదివారం సాయంత్రం సీటు దొరకదు, అందరం మళ్లీ పనికి పోయేవాళ్లమే. కరువు వస్తే కేరళకు, మామూలప్పుడు బెంగళూరుకు. చేలో ఉన్నది అమ్మానాన్నలు. వాళ్లకు 60 దాటాయి. తోటైనా చెనిక్కాయైనా చేయాల్సింది వాళ్లే, ముందు ఆ సంగతి ఆలోచించండి.

ఇంకో విషయం. ఇక్కడ ఎవరూ జిల్లా విభజన మాట ఎత్తడం లేదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. 2011 జనాభా లెక్క ప్రకారం 40.81 లక్షల జనమున్న మన జిల్లా రెండైంది. అనంతపురానికి 31 మండలాలు, 22.41 లక్షల మంది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లాకు 32 మండలాలు, 18.40 లక్షల మంది. హిందూపురాన్ని కేంద్రం చేయాలని మావాళ్లు ఎంత పోరాడారో అందరికీ తెలుసు. ఆ గాయం ఇంకా ఉంది, కానీ ఇక్కడ నేను చెప్పేది నీళ్ల సంగతి. తుంగభద్ర ఎగువ కాలువ ఆయకట్టు ఎక్కువగా అనంతపురం వైపు పోయింది. మాకు మిగిలిన పెద్ద ఆశ హంద్రీ-నీవా ఎత్తిపోతల కాలువ. శ్రీశైలం వెనక నీళ్లు మల్యాల దగ్గర ఎత్తి, జీడిపల్లి దాకా తెచ్చి, అక్కడి నుంచి గొల్లపల్లి, చెర్లోపల్లి, మడకశిర వైపు తోలాలి. ఆ కాలువ రెండు జిల్లాలూ దాటాలి. చిత్రావతి కూడా అంతే, మా జిల్లాలో పారి మీ జిల్లాకు వస్తుంది. మరి పంటల ప్రణాళిక రెండు కలెక్టరేట్లలో వేరువేరుగా వేస్తే ఎట్లా కుదురుతుంది?

పెన్నగట్టు:

తమ్ముడూ, చాలా ముఖ్యమైన మాట అన్నావు. నేను బోరు గురించే ఆలోచించాను, కాలువ గురించి రాయలేదు. హంద్రీ-నీవా మీద ఎంతవరకు నమ్మకం పెట్టుకోవచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

పొలంబడి:

వ్యవసాయ శాఖలో పనిచేసి దిగిపోయినవాణ్ణి. నాకు తెలిసింది రాస్తాను.

హంద్రీ-నీవా అనుకున్నది 40 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు), నాలుగు జిల్లాల్లో 6.025 లక్షల ఎకరాలకు. కృష్ణలో వరద ఉన్న నాలుగు నెలల్లో ఎత్తిపోయాలని లెక్క. నీళ్లు జీడిపల్లికి వచ్చి పన్నెండేళ్లు దాటింది. చెరువులు నిండినప్పుడు చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పైకి రావడం నా కళ్లతో చూశాను. పాతికేళ్ల ఉద్యోగంలో నాకంత సంతోషం కలిగించింది ఇంకోటి లేదు. కానీ పిల్లకాలువలు చాలాచోట్ల పూర్తి కాలేదు, కాబట్టి మీ చేను గట్టుకు నీళ్లు వస్తాయని ఇప్పుడే తోట పెట్టకండి. గొల్లపల్లి నీళ్లు ఎర్రమంచి దగ్గరి కార్ల ఫ్యాక్టరీకీ పోవాలి, ఊళ్ల దాహమూ తీర్చాలి.

తుంగభద్ర మీదా పూర్తి భరోసా లేదు. కట్టినప్పుడు 132 టీఎంసీలకు పైగా పట్టే డ్యామ్, పూడిక వల్ల ఇప్పుడు 105కు వచ్చింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కణేకల్లు, బొమ్మనహాళ్ రైతులు ఎంత టెన్షన్ పడ్డారో మర్చిపోలేను.

ఇంక చీనీతోట గారికి ఒక మాట. మీ తోట నిలబడింది, సంతోషం. 2001 నుంచి మూడేళ్లు కరువొచ్చినప్పుడు నేను చూసిన తోటలు మీరు చూసి ఉండరు. ట్యాంకర్లతో చెట్టు చెట్టుకూ నీళ్లు పోశారు. ఎకరాకు ఒక్క తడికి ఎంతైందో లెక్కపెట్టే ఓపిక కూడా వాళ్లకు లేదు. చివరికి పదేళ్ల చెట్లను నరికి కట్టెలకు అమ్ముకున్నారు. చెనిక్కాయ పోతే ఒక ఏడు పోతుంది. చీనీ పోతే పదేళ్లు పోతాయి, బోర్ల అప్పు అదనం. వెయ్యి అడుగులకు పోయి కూడా నీళ్లు పడక దుమ్ము లేపిన బోరు రిగ్గులు నేను ఎన్నో చూశాను. పెన్నగట్టు గారి భయం ఇందుకే సరైనది అంటున్నాను.

చీనీతోట:

సార్, ఆ మూడేళ్లు నాకు గుర్తున్నాయి. మా మామ తోట అట్లాగే పోయింది. అయినా రైతు ఎప్పుడూ పంట పోతుందనే భయంతోనే బతకాలా? మండీలో టన్నుకు ఇంత అని సూట్ కింద కోత పెడితే కూడా నోరు మూసుకుని అమ్ముకున్నాం. ఎందుకంటే ఆ కోత పోనూ మిగిలింది చెనిక్కాయ కంటే ఎక్కువే. నాకు ఒక్కటి చెప్పండి. బోరు లేని రైతుకు మీరు చూపే దారి ఏంటి? ఊరికే తోట వద్దంటే సరిపోదు.

పెన్నగట్టు:

అడగాల్సిన ప్రశ్న అడిగావు తమ్ముడూ. రెండు రోజులుగా దీని మీదే ఆలోచిస్తున్నా.

చెనిక్కాయ చేనుకు ఏడాది మొత్తంలో నిజంగా లేక చచ్చేది ఒకటీ రెండు తడులే. ఊడలు దిగేటప్పుడు ఒకటి, కాయ ఊరేటప్పుడు ఒకటి. ఆ రెండు తడులు స్ప్రింక్లర్‌తోనో రెయిన్‌గన్‌తోనో పడితే ఎకరం పంట నిలబడుతుంది. ఒక ఎకరం చీనీకి ఏడాదంతా తోడే నీళ్లు ఎన్ని ఎకరాల మెట్టకు ఆ రెండు తడులు ఇవ్వగలవో పొలంబడి సార్ లాంటివాళ్లు లెక్క కట్టాలి. నీళ్లు ఊరివి, బోరు మాత్రం ఒకరిది. వచ్చిన చిక్కు ఇక్కడే.

మన జిల్లాలోనే కొన్ని ఊళ్లలో బోర్లను పైపులతో కలిపి పంచుకున్నారని విన్నాను. బోరున్నవాళ్లు కొత్త బోరు వేయమని మాటిచ్చారు, బోరు లేనివాళ్లు పైపు ఖర్చులో భాగం పెట్టారు. చేలో మాత్రం మెట్టచేను గారు చెప్పినట్టు కొర్ర, కంది కలిపి చెనిక్కాయ సాళ్లు. కదిరి పరిశోధన కేంద్రం వదిలిన కదిరి లేపాక్షి లాంటి రకాలు ఎండను కొంచెం ఓర్చుకుంటున్నాయని మావాళ్లు అంటున్నారు. తోట వద్దని నేను అనను. కాలువ నీళ్లు నిలిచే చెరువు కింద, నీళ్లు ఊరే నేలలో పెట్టుకోండి. మా ఊరి గుట్ట కింద ఉన్న, నీళ్లు ఊరని గరప నేలలో మాత్రం వద్దు.

మెట్టచేను:

2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కూడా బోరు వేయాలంటే అనుమతి తీసుకోమనే చెప్తుంది. మా మండలంలో రాత్రి రిగ్గు వస్తుంది, తెల్లారేసరికి పోతుంది. చట్టం చూసుకుంటుందని కూర్చుంటే జరగదు, ఊరే మాట అనుకోవాలి.

హిందూపురం వైపు:

అన్నా, పైపులు కలపాలంటే బోరున్నవాడు ఎందుకు ఒప్పుకుంటాడు? మా ఊళ్లో అన్నదమ్ములే బోరు పంచుకోలేక కోర్టుకు పోయారు.

పొలంబడి:

ఒప్పుకునే కారణం ఒకటుంది బాబూ. పక్కవాడు కూడా బోరు వేస్తే తన బోరు ఎండుతుందని బోరున్న ప్రతివాడికీ తెలుసు. రెండు తడులు ఇస్తే పక్కవాడు బోరు వేయడు. ఆ లెక్క కూర్చోబెట్టి చెబితే సగం మంది వింటారు. మిగతా సగం మంది ఒక ఎండాకాలం చూసి వస్తారు.

చీనీతోట:

నా సంగతి ఉన్నదున్నట్టు చెప్తున్నా. నాలుగెకరాల తోటకే నా బోరు బొటాబొటిగా సరిపోతోంది. చెట్లు కాపు మీద ఉండగా పంచుకోమంటే నా వల్ల కాదు, చెట్లు ఎండిపోతుంటే చూడలేను. కానీ పూతకు ముందు నీళ్లు ఆపి చెట్లను బెట్టకు వదిలే రోజులుంటాయి. అప్పుడు బోరు ఊరికే ఉంటుంది. ఆ రోజుల్లో పక్క చేనుకు ఏదైనా పంట పడుతుందేమో చూస్తా. మా పక్కాయన బోరు లేనోడే. అలసందో ఉలవో వేసుకుంటాడేమో రేపు అడుగుతా.

పెన్నగట్టు:

అడుగు తమ్ముడూ. ఆయన ఏమన్నాడో ఇక్కడ రాయి. మా ఊళ్లో ఏడు బోర్లున్నాయి. ఆదివారం చెరువుకట్ట మీద కూర్చుందామని ఐదుగురితో మాట్లాడాను. ముగ్గురు వస్తామన్నారు, ఇద్దరు ఇంకా ఏం చెప్పలేదు. బోరు లేనివాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టాలని మాత్రం గట్టిగా అనుకుంటున్నా. పొలంబడి సార్, వీలుంటే మీరు రాగలరా? కదిరి బస్టాండు దగ్గరికి నేనే వచ్చి తీసుకుపోతాను.